హోప్ ఐలాండ్‌లో చూసినవి ఎలా నమోదు చేయాలి?

కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌కి ఈ చలికాలంలో మూడుసార్లు వెళ్లొచ్చాను. నోట్‌బుక్‌లో రాసుకున్నవి ఇప్పుడు పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లోకి ఎక్కించాలి. ఇసుక తిన్నె మీద నడుస్తుంటే ఉల్లంకి పిట్టల గుంపు లేచి కాస్త ముందుకెళ్లి వాలుతుంది, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అవే. వెళ్లేటప్పటి లెక్క ఒక్కటే రాయాలా? దూరపు గుంపులకి అంకె బదులు ఎక్స్ (ఉన్నాయి, లెక్కపెట్టలేదు అని) పెట్టొచ్చు గానీ, నాకైతే ఉజ్జాయింపు అంకే నయమనిపిస్తుంది.

అసలు టెన్షన్ తాబేళ్లది. ఆలివ్ రిడ్లే గుడ్లు పెట్టిన గుంత ఫొటో ఐనేచురలిస్ట్‌లో (చూసిన జీవుల్ని ఫొటో, చోటుతో నమోదు చేసే యాప్) పెడితే చోటు కచ్చితంగా కనిపిస్తుందా, లేక దాన్ని నేనే దాచాలా? మనుషులు తవ్వుకుపోతారని భయం (కుక్కలకి యాప్ అక్కర్లేదనుకోండి). ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్లనీ నమోదు చేయాలా? తెలిసినవాళ్లు చెప్పగలరు.