అంబాసిడర్ ఫెండర్ లోపల వెల్డింగ్ నట్టు ఊడింది, రివెట్ నట్టు వేయొచ్చా?

అల్వాల్_మార్క్3:
బండి 1976 మార్క్ 3. ముందు ఎడమ ఫెండర్ విప్పుతుంటే డోరు వైపు కింది బోల్టు ఊరికే తిరుగుతోంది, బయటికి రావట్లేదు. దాని పైన ఇంకో నట్టు అసలు లేదు, రంధ్రం చుట్టూ రేకు చిరిగింది. వెనక బాక్సు, చెయ్యి పోదు. మేస్త్రి రివెట్ నట్టు (బయట్నుంచే రేకు రంధ్రంలో నొక్కి పట్టించేది) వేసేద్దామంటున్నాడు.

రేకుపని:
చిరిగిన చోట రివెట్ నట్టు వద్దన్నా. అది నిలబడాలంటే గట్టి రేకు, సరిగ్గా గుండ్రటి రంధ్రం కావాలి. తుప్పు తిన్న రేకులో మళ్లీ విప్పే రోజున అది కూడా బోల్టుతో పాటు తిరుగుతుంది.

ముందు ఆ బోల్టు సంగతి. తల కింద స్క్రూడ్రైవర్ దూర్చి పైకి మీటుతూ తిప్పండి. నట్టు రేకుకి ఆనుకుని ఆగుతుంది. ఆగకపోతే 4 అంగుళాల గ్రైండర్‌కి 1 ఎంఎం డిస్కు పెట్టి తల కోసేయండి. లోపల పడ్డ ముక్కని మాగ్నెట్‌తో లాగేయాలి, వదిలేస్తే బండి నడుస్తున్నంతసేపూ గలగలే.

తర్వాత 3 ఎంఎం మందం ఎంఎస్ ఫ్లాటు (మెత్తని ఇనప పట్టీ), 25 ఎంఎం వెడల్పు, 60 ఎంఎం పొడవు ముక్క తీసుకుని, మధ్యలో బోల్టు దూరే రంధ్రం వేసి, నట్టుని బయటే దానికి వెల్డు చేయండి. నట్టు నల్లదే కావాలి. జింకు పూత ఉంటే గీకేయండి; కాలితే విషపు పొగ, పైగా వెల్డులో బుడగలొస్తాయి. చిరిగిన అంచు కోసేసి, రేకులో బోల్టు రంధ్రానికి ఇరువైపులా 6 ఎంఎం రంధ్రాలు వేయండి. పట్టీకి వైరు కట్టి దగ్గర్లోని రంధ్రంలోంచి లోపలికి దించి, బోల్టుతో బిగించి, ఆ 6 ఎంఎం రంధ్రాలని సీఓటూ (మిగ్) వెల్డింగుతో నింపేయండి. 0.8 ఎంఎం వెల్డింగు వైరు, చిన్న చిన్న టచ్‌లు. ఆపకుండా కొడితే రేకు వంకరపోతుంది.

రెండున్నర_సూతు:
పై జవాబుకి ఒకటి కలపాలి: నట్టు ఎందుకు ఊడిందో కూడా చూడండి. ఈ బండిది 5/16 అంగుళం యూఎన్‌ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న మర), అంగుళానికి 24 చూడీలు (మర చుట్లు). ఎం8కి (8 ఎంఎం మెట్రిక్ బోల్టు) సుమారు 20. లావు మాత్రం దాదాపు ఒకటే (7.94 ఎంఎం), అందుకే ఎం8 బోల్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. అక్కడ పానాకి పైపు తగిలిస్తే లోపలి వెల్డు తెగుతుంది. పాత బండ్లలో ఇదే ఎక్కువ. పిచ్ గేజి (చూడీలు కొలిచేది) పెట్టి మిగతా బోల్టులన్నీ చూడండి.

డోరు హింజి దగ్గర నట్టు పట్టీ పంజరంలో కాస్త కదులుతుంటే అది చెడిపోయినట్టు కాదు. డోరు సర్దుకోడానికే అలా ఉంటుంది, దాన్ని అతికించొద్దు. సీటు బెల్టు నట్టుకైతే రివెట్ నట్టు ఎప్పటికీ వద్దు.

అల్వాల్_మార్క్3:
యూఎన్‌ఎఫ్ నట్టు దొరక్కపోతే?

రేకుపని:
బోల్టు శాంపిలు పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడగండి. లేకపోతే 6 ఎంఎం ఫ్లాటుకి 6.9 ఎంఎం డ్రిల్లు వేసి 5/16-24 ట్యాపు (రంధ్రంలో చూడీలు కోసేది) కొట్టేయండి, నట్టే అక్కర్లేదు. వెల్డింగుకి ముందు బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. బాక్సులో పాత తారు పూత ఉంటే గీకండి, అది అంటుకుంటుంది. చల్లారాక లోపల తుప్పు ఆపే వ్యాక్స్ కొట్టడం మర్చిపోవద్దు, కాలిన చోటే తుప్పు ముందు మొదలవుతుంది.