సినిమా వసూళ్లను నిజంగా నడిపించేది ఏమిటి? చార్టులు గీసి చూసినవారి అనుభవాలు కావాలి

శ్రీకాకుళం లెక్చరర్

డిగ్రీ విద్యార్థులకు గణాంక శాస్త్రం బోధిస్తున్నాను. పాఠం వారికి దగ్గరగా ఉండాలని, సమాచార పట్టికలను పంచుకునే కాగిల్ అనే సైట్‌లో ఉచితంగా దొరికే టీఎండీబీ 5000 అనే సినిమాల పట్టికను ఎంచుకున్నాను. అందులో 4,803 చిత్రాల బడ్జెట్, వసూలు, నిడివి, విడుదల తేదీ, ప్రేక్షకుల రేటింగు ఉన్నాయి. అవి అత్యధికం హాలీవుడ్ చిత్రాలు. ఆ పట్టికను ఉన్నదున్నట్టుగా తీసుకుంటే బడ్జెట్‌కూ వసూలుకూ మధ్య సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి పెరుగుతాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) సుమారు 0.73 వస్తుంది. రేటింగుకూ వసూలుకూ మధ్య మాత్రం అది 0.2 దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండు అంకెలను చూడగానే పిల్లలు, ఖర్చు పెడితే వసూలు వస్తుందనీ, సినిమా బాగుందా లేదా అన్నదానితో పెద్దగా పని లేదనీ తేల్చేస్తున్నారు. మంచి టాక్ వచ్చిన చిన్న సినిమా వారాల తరబడి ఆడటం, చెడ్డ టాక్ వచ్చిన పెద్ద సినిమా సోమవారానికే చల్లబడటం మనమంతా చూస్తున్నదే కదా. మరి ఈ పట్టికలో అది ఎందుకు కనిపించడం లేదు? ఇటువంటి సమాచారంతో పనిచేసినవారు ఏ చార్టు గీస్తే విషయం తేటపడిందో దయచేసి చెప్పండి.

మాధాపూర్ అనలిస్ట్

నమస్కారం సార్. కారణాల దాకా వెళ్లేముందు ఆ పట్టికను శుభ్రం చేయించండి. అందులో వెయ్యికి పైగా చిత్రాలకు బడ్జెట్ గడిలోనూ, పద్నాలుగు వందలకు పైగా చిత్రాలకు వసూలు గడిలోనూ సున్నా ఉంటుంది. ఆ సున్నాలు ఖర్చు కాలేదని గానీ వసూలు రాలేదని గానీ చెప్పడం లేదు, సమాచారం దొరకలేదని మాత్రమే చెబుతున్నాయి. ఒక్కో చిత్రాన్ని ఒక్కో చుక్కగా చూపే స్కాటర్ ప్లాట్ గీస్తే ఆ చుక్కలన్నీ రెండు అక్షాలకూ అంటుకుని వరుసగా నిలబడతాయి కాబట్టి విద్యార్థులే గుర్తుపడతారు. సహసంబంధం అంకె ఒక్కటే చూస్తే ఎన్నటికీ తెలియదు. మిలియన్లలో లెక్కించి 25 అని మాత్రమే నమోదు చేసిన గడులు కూడా ఉన్నాయి. ఇదే కోవకు చెందిన ఐఎండీబీ పట్టికలోనైతే ఒక కొరియా చిత్రం బడ్జెట్‌ను డాలర్లలోకి మార్చకుండా అక్కడి కరెన్సీ అయిన వాన్లలోనే ఉంచేయడం వల్ల అది 1,200 కోట్లు దాటి, ప్రపంచంలోని ప్రతి చిత్రాన్నీ మించిపోయినట్టు కనిపిస్తుంది.

రెండో పనిగా రెండు అక్షాలనూ లాగ్ స్కేలులోకి, అంటే ఒక్కో మెట్టుకూ పది రెట్లు పెరిగే కొలతలోకి మార్చండి. మామూలు స్కేలులో కొద్దిపాటి భారీ చిత్రాలు పైమూలకు పోయి, మిగిలిన వేల చిత్రాలు కింది మూలలో ముద్దగా మిగులుతాయి. లాగ్ స్కేలులో ఆ ముద్ద విడిపోయి, ఒకే బడ్జెట్ ఉన్న చిత్రాల వసూళ్లు ఎంత దూరం దూరంగా పడ్డాయో కనిపిస్తుంది. పాఠం అసలు అక్కడ మొదలవుతుందని నా నమ్మకం. ఒకే సగటు, ఒకే సహసంబంధం ఉన్న నాలుగు పట్టికలు చార్టులో నాలుగు వేర్వేరు ఆకారాల్లో ఉండగలవని ఆన్‌స్కోంబ్ 1973లో చూపించారు. ఆ నాలుగు చార్టులను ముందుగా బోర్డు మీద వేసి, తర్వాత సినిమాల్లోకి వెళితే విద్యార్థులు అంకెను తొందరపడి నమ్మరు.

బెజవాడ గాంధీనగర్

మా కుటుంబం రెండు తరాలుగా పంపిణీ రంగంలో ఉంది. బడ్జెట్‌ను వసూలుకు కారణంగా చూపించే చార్టుతో నాకు మౌలికంగా అభ్యంతరం ఉంది. హీరో మార్కెట్ ఎంత, దర్శకుడి గత చిత్రం ఎంత చేసింది, ఏరియాల వారీగా బయ్యర్లు (ప్రదర్శన హక్కులు కొనే పంపిణీదారులు) ఎంత ఇస్తామంటున్నారు అన్నది చూసుకున్న తర్వాతే నిర్మాత బడ్జెట్ నిర్ణయిస్తారు. అంటే రాబోయే వసూలు మీద ఉన్న అంచనాయే బడ్జెట్‌గా మారుతోంది. పైగా పెద్ద బడ్జెట్ చిత్రానికి ఎక్కువ థియేటర్లు, ఎక్కువ ప్రచారం, మంచి విడుదల తేదీ కూడా దక్కుతాయి. ఇన్ని కారణాలు కలిసి ఒకే గీతగా కనిపిస్తున్నప్పుడు, ఆ గీతను ఖర్చు ఖాతాలో వేయడం సరికాదు.

డల్లాస్ తెలుగు

పైవారు చెప్పినదానికి ఒక్క మాట చేర్చుతాను. అదే పట్టికలో రేటింగు ఇచ్చినవారి సంఖ్య అనే నిలువు వరుస ఉంది. వసూలుతో దాని సహసంబంధం బడ్జెట్ కంటే కూడా ఎక్కువ, సుమారు 0.78. సినిమాను ఎక్కువమంది చూశారు కాబట్టే ఎక్కువమంది రేటింగు ఇచ్చారు. అది విడుదల తర్వాత వచ్చిన ఫలితమే తప్ప కారణం కాదు. విడుదలకు ముందు తెలిసే అంశాలను ఒక రంగులోనూ, తర్వాత మాత్రమే తెలిసే అంశాలను వేరే రంగులోనూ చూపించమని విద్యార్థులకు చెప్పండి.

కాకినాడ వసూళ్లు

సార్ అడిగిన ప్రశ్నకు నేరుగా వస్తాను. రేటింగు ప్రభావం కనిపించకపోవడానికి కారణం, మొత్తం వసూలు అనే ఒకే అంకెలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోవడమే. మొదటిది ఓపెనింగ్. సినిమా ఎలా ఉందో ఎవరికీ తెలియకముందే హీరో, ట్రైలర్, పాటలు, థియేటర్ల సంఖ్య, సెలవులు కలిసి తెచ్చే డబ్బు అది. రెండోది రన్. చూసినవారి మాట విని తర్వాతివారు వస్తే వచ్చే డబ్బు అది. ఈ రెండింటినీ విడదీసి, అడ్డ అక్షం మీద మొదటి వారాంతపు వసూలునూ, నిలువు అక్షం మీద మొత్తం వసూలు దానికి ఎన్ని రెట్లు అయిందన్న అంకెనూ పెట్టి చార్టు గీయండి. ట్రేడ్‌లో ఈ రెండో అంకెను మల్టిప్లయర్ అంటారు.

అమెరికా అంకెలనే తీసుకుందాం. 1997 డిసెంబరులో విడుదలైన టైటానిక్ మొదటి వారాంతంలో 2.86 కోట్ల డాలర్లు తెచ్చి, ఆ విడతలో మొత్తం 60 కోట్ల డాలర్లు వసూలు చేసింది, మల్టిప్లయర్ 21. వరుసగా 15 వారాంతాలు అక్కడ మొదటి స్థానంలో నిలిచింది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన అవెంజర్స్: ఎండ్‌గేమ్ మొదటి వారాంతంలోనే 35.7 కోట్ల డాలర్లు తెచ్చి 85.8 కోట్ల దగ్గర ఆగింది, మల్టిప్లయర్ 2.4. మొత్తం వసూలు మాత్రమే ఉన్న చార్టులో ఈ రెండు చుక్కలూ పైన ఇరుగుపొరుగుగా ఉంటాయి. విడదీసిన చార్టులో ఒకటి ఎడమవైపు పైన, మరొకటి కుడివైపు కింద కనిపిస్తాయి. రెండూ ఘన విజయాలే అయినా ఒకదాన్ని మౌత్ టాకూ మళ్లీ మళ్లీ వచ్చిన ప్రేక్షకులూ నడిపిస్తే, మరొకదాన్ని ఏళ్ల తరబడి పోగుపడిన ఎదురుచూపు నడిపించింది.

ఇప్పుడు రేటింగును ఓపెనింగ్‌తో విడిగా, మల్టిప్లయర్‌తో విడిగా పోల్చండి. అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ విడుదల రోజు రాత్రి హాలు దగ్గరే ప్రేక్షకుల అభిప్రాయం తీసుకుని గ్రేడు ఇస్తుంది. ఎ ప్లస్ వచ్చిన చిత్రాల మల్టిప్లయర్లు, ఎఫ్ వచ్చిన చిత్రాలవాటికంటే సాధారణంగా చాలా ఎక్కువగా ఉంటాయి. సినిమా బాగుండటం అనే అంశం చార్టులో కనిపించే చోటు ఇదే.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. 2002లో వచ్చిన మై బిగ్ ఫ్యాట్ గ్రీక్ వెడ్డింగ్ చిత్రం సుమారు 50 లక్షల డాలర్ల బడ్జెట్‌తో తీసి, వంద పైచిలుకు థియేటర్లలో మొదలై, మొదటి వారాంతంలో 6 లక్షల డాలర్లు మాత్రమే తెచ్చి, చివరికి అమెరికాలోనే 24 కోట్ల డాలర్లు దాటింది. దాని మల్టిప్లయర్ 400 పైన ఉంటుంది. అందులో కొంత ప్రేక్షకుల ఆదరణ అయితే, కొంత థియేటర్లు క్రమంగా పెరగడం వల్ల వచ్చింది. తక్కువ థియేటర్లలో మొదలైన చిత్రాలను వేరే గుర్తుతో చూపించకపోతే చార్టు మొత్తం వాటి వైపే లాగబడుతుంది.

మాధాపూర్ అనలిస్ట్

కాకినాడ వారు ఎంచుకున్న ఆ రెండు చిత్రాలతోనే ఇంకో చార్టు గీయవచ్చు. అమెరికాలో సగటు టికెట్ ధర 1998లో 4.69 డాలర్లు, 2019లో 9.16 డాలర్లు. వసూలును ఆ ధరతో భాగిస్తే టైటానిక్‌కు సుమారు 12.8 కోట్ల టికెట్లు, ఎండ్‌గేమ్‌కు సుమారు 9.4 కోట్ల టికెట్లు తెగినట్టు తేలుతుంది. డాలర్లలో వెనుకబడిన చిత్రం టికెట్లలో ముందుకొస్తుంది. వేర్వేరు దశాబ్దాల చిత్రాలను ఒకే చార్టులో పెట్టాలంటే ఈ సవరణ తప్పదు.

బెజవాడ గాంధీనగర్

మన దగ్గర ఆ సవరణకు పదేళ్లు కూడా అక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో టికెట్ ధరలు తగ్గించింది, 2022 మార్చిలో మళ్లీ సవరించింది. తెలంగాణలో 2021 డిసెంబరులో ధరలు పెరిగాయి. అంటే ఆ కాలంలో వచ్చిన చిత్రానికి రెండు రాష్ట్రాల్లో ప్రేక్షకులు ఒకే సంఖ్యలో వచ్చినా గ్రాస్ (టికెట్ల మీద వచ్చిన మొత్తం) ఒకటి కాదు. దీనికితోడు పెద్ద చిత్రాలకు మొదటి రోజుల్లో ప్రత్యేక అనుమతితో ధర పెంచుకునే వెసులుబాటు ఇస్తుంటారు. మొదటిరోజు రికార్డుల చార్టులు చూసి అభిమానులు గొడవపడుతున్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. అక్కడ పోల్చుతున్నది జనాన్ని కాదు, ధరలను.

తెలుగు సినిమాకు అన్నిటికంటే ఉపయోగపడే చార్టు ఏరియాల వారీగా గీసేదే. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని వరుసగా రాసి, ఒక్కో ఏరియాకు రెండు చుక్కలు పెట్టండి. మొదటిది బయ్యర్ ఎంతకు కొన్నారన్నది, రెండోది ఎంత షేర్ (పన్నూ థియేటర్ ఖర్చూ పోగా బయ్యర్‌కు మిగిలేది) వచ్చిందన్నది. రెండింటినీ గీతతో కలపండి. షేర్ చుక్క కుడివైపుంటే ఆ ఏరియా బ్రేక్ ఈవెన్ దాటినట్టు, అంటే పెట్టిన డబ్బు తిరిగొచ్చినట్టు, ఎడమవైపుంటే నష్టపోయినట్టు. ఒకే చిత్రానికి నైజాం గీత కుడివైపుకూ సీడెడ్ గీత ఎడమవైపుకూ చూడటం అరుదేమీ కాదు. అటువంటప్పుడు హిట్టా ఫ్లాపా అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. మొత్తం వసూలులో ముందున్న చిత్రం కూడా ఎక్కువ ధరకు అమ్ముడైతే బయ్యర్లను ముంచగలదు.

గ్రాస్‌నూ షేర్‌నూ ఒకే చార్టులో కలపవద్దని విద్యార్థులకు గట్టిగా చెప్పండి. ప్రేక్షకుడు 177 రూపాయల టికెట్ కొంటే అందులో 27 రూపాయలు 18 శాతం జీఎస్టీ కింద పోతాయి. మిగిలిన 150లోంచి థియేటర్ అద్దె గానీ పర్సంటేజీ గానీ తీసేస్తేనే షేర్. అద్దె పద్ధతిలో సినిమా ఆడినా ఆడకపోయినా ఖర్చు దాదాపు ఒకటే కాబట్టి, గ్రాస్ సగానికి పడితే షేర్ సగం కంటే ఎక్కువే పడుతుంది. 2025 మే నెలలో పర్సంటేజీ విధానం కోరుతూ రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు (థియేటర్ల నిర్వాహకులు) జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని ప్రకటించినప్పుడు చర్చంతా దీని చుట్టూనే తిరిగింది.

డల్లాస్ తెలుగు

ఆ చార్టుకు భాషల విభజన కూడా కావాలి. 2024 డిసెంబరు 5న విడుదలైన పుష్ప 2కు తెలుగు కంటే హిందీ నుంచే ఎక్కువ వసూలు వచ్చింది. అటువంటి చిత్రానికి మన ఏరియాల చార్టు ఒక్కటే గీస్తే కథలో పెద్ద భాగం బయటే ఉండిపోతుంది.

అంకెల నమ్మకం గురించి కూడా అనుకోవాలి. అమెరికాలో థియేటర్ల వసూళ్లను కామ్‌స్కోర్ సేకరిస్తుంది. కొరియాలో ప్రభుత్వ ఫిల్మ్ కౌన్సిల్ నడిపే కోబిస్ అనే వ్యవస్థలో టికెట్ల సంఖ్య అందరికీ కనిపిస్తుంది. మన రాష్ట్రాల్లో అటువంటిది లేక, పోస్టర్ మీద వేసిన అంకెకూ ట్రేడ్ లెక్కకూ తేడా వస్తుంటుంది. ఆ తేడాను దాచకుండా, రెండు అంకెల మధ్య గీత గీసి చూపించడమే నిజాయతీ అని నా అభిప్రాయం.

తెనాలి పరిశోధకురాలు

సంక్రాంతి గురించి ఎవరూ ప్రస్తావించలేదు. నెలల వారీగా సగటు వసూలు బార్ చార్టు గీస్తే జనవరి పైకి లేస్తుంది. పండుగ వల్ల జనం థియేటర్లకు వస్తారన్నది నిజమే. కానీ పెద్ద హీరోలు ముందుగానే ఆ తేదీలు పట్టుకుంటారన్నది కూడా అంతే నిజం. ఏది ఎంత అన్నది ఆ బార్ చెప్పలేదు. దానికంటే ఒకే పండుగకు పోటీపడిన చిత్రాలను రోజువారీ గీతలుగా పక్కపక్కన పెట్టడం మేలు. 2024 జనవరి 12న గుంటూరు కారం, హనుమాన్ ఒకేరోజు వచ్చాయి. పండుగ ఒకటే, సెలవులు ఒకటే. హీరో మార్కెట్, థియేటర్ల సంఖ్య, టాక్ మాత్రమే వేరు. తక్కువ థియేటర్లతో మొదలైన హనుమాన్ ఎక్కువ కాలం ఆడింది. ఆ గీతల్లో పండుగ తర్వాత వచ్చే మామూలు సోమవారం దగ్గర ఒక నిలువు గీత గీస్తే, విద్యార్థులు చూడవలసినదంతా దానికి కుడివైపున ఉంటుంది.

హీరోల ప్రభావం మీద ఆసక్తి ఉన్నవారికి ఆర్థర్ డి వానీ, డేవిడ్ వాల్స్ 1999లో ప్రచురించిన అధ్యయనం ఉపయోగపడుతుంది. రెండు వేలకు పైగా చిత్రాలను పరిశీలించి, తార ఉన్నంత మాత్రాన వసూలు మీది అనిశ్చితి తొలగిపోదని వారు చూపించారు. కొద్దిపాటి భారీ విజయాలు సగటును పైకి లాగేస్తాయి కాబట్టి, ఈ రంగంలో సగటు చూసి తర్వాతి చిత్రాన్ని అంచనా వేయలేం. అందుకే బార్ చార్టు స్థానంలో బాక్స్ ప్లాట్ వాడి, మధ్యగతాన్నీ (వరుసలో పేర్చితే సరిగ్గా మధ్యలో ఉండే విలువ) విస్తృతినీ కలిపి చూపించమని నా సూచన.

శ్రీకాకుళం లెక్చరర్

అందరికీ కృతజ్ఞతలు. టీఎండీబీ పట్టికలో మొదటి వారాంతపు వసూలు లేదు కాబట్టి, ఆ వరుసను వసూళ్ల వివరాలిచ్చే బాక్స్ ఆఫీస్ మోజో సైట్ నుంచి తెచ్చి చేర్చే పనిని విద్యార్థులకు అప్పగిస్తాను. ముందు సున్నాల శుద్ధి, తర్వాత లాగ్ స్కేలు, తర్వాత ఓపెనింగ్‌నూ మల్టిప్లయర్‌నూ విడదీసిన చార్టు. గాంధీనగర్ వారికి ఒక మనవి: ఏరియాల చార్టును తరగతిలో గీయించాలంటే పాత చిత్రాల కొనుగోలు ధరలు కావాలి. వాటిలో మీరు బయటపెట్టగలిగినవి ఏమైనా ఉన్నాయా?

బెజవాడ గాంధీనగర్

తప్పకుండా ఇస్తాను సార్. పూర్తి రన్ అయిపోయి లెక్కలు తేలిన పాత చిత్రాలవైతే అభ్యంతరం లేదు. చిత్రాల పేర్లు తీసేసి, ఏరియా, కొన్న ధర, మొదటి వారం షేర్, మొత్తం షేర్ అనే నాలుగు వరుసలతో పంపుతాను. ఒక్క విషయం ముందే గమనించండి: కొన్ని ఏరియాలు అడ్వాన్స్ మీద, కొన్ని ఎన్‌ఆర్‌ఏ (నష్టం వచ్చినా తిరిగి రాని అడ్వాన్స్) మీద తీసుకున్నవి. అడ్వాన్స్ మీద తీసుకున్నచోట నష్టం నిర్మాతకు తిరిగి వెళుతుంది కాబట్టి, ఆ రెండింటికీ వేర్వేరు రంగులు వాడించండి.