వెట్టి, భగేలా రెండూ ఒకటేనా?

ప్రశ్న: నల్లగొండ దిక్కు నిజాం కాలం గురించి చెప్పేటప్పుడు ఈ రెండు మాటలు కలిపేస్తుంటరు. తేడా ఏంది?

జవాబు 1: వెట్టి కులానికి అంటగట్టిన పని. చాకలి బట్టలు ఉతకాలె, కుమ్మరి కుండలియ్యాలె. దొర గడి కూలి ఇయ్యదు. భగేలా అప్పుకు కట్టింది. పెండ్లికి తెచ్చిన పైసలకు మనిషే జీతముంటడు. ఏడాది కష్టం వడ్డీ కిందికే పోతది, అసలు తరగది, ఆఖరికి కొడుకు మీద పడతది. నా లెక్కల ఇది బానిసత్వమే.

జవాబు 2: దొరలు మాత్రం వెట్టిని మామూలు హక్కన్నరు, భగేలాను ఒప్పందమన్నరు. 1940లలో సంఘం (ఆంధ్ర మహాసభ) ఈ మాటనే ఎదిరించింది.

జవాబు 3: రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం భగేలా, పాలేరు పేర్లు పెట్టి మరీ ఆ అప్పులను రద్దు చేసింది. 15వ సెక్షన్ చూడండి: ఒక అప్పు ఇట్ల మనిషిని కట్టేసే అప్పు కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినోడే.