సెకోనిక్ ఎల్-398తో ఫ్లాష్ కొలవొచ్చా?

ప్రశ్న: ఫోటోలకి వెలుగు కొలిచే నా ఎల్-398 మీటరు ఎండలో రీడింగ్ సరిగ్గానే ఇస్తోంది. ఫ్లాష్ కొడితే మాత్రం ముల్లు ఉలకదు పలకదు. వెలుగును పసిగట్టే సెల్ పోయిందా అండీ?

జవాబు 1: సెల్‌కేం కాలేదండి. అది సెలీనియం మీటరు, నిలకడగా ఉండే వెలుగునే కొలుస్తుంది. ఫ్లాష్ వెలిగేది సుమారు సెకనులో వెయ్యో వంతు, అంతలో ముల్లు లేవదు. ఫ్లాష్ కొలిచే మీటరు పాతదే కావాలంటే గాసెన్ లూనా-ప్రో ఎఫ్ చూడండి, 9 వోల్టుల బ్యాటరీ చాలు. చివర ‘ఎఫ్’ లేని లూనా-ప్రో ఫ్లాష్ కొలవదు, పైగా పాదరసం బ్యాటరీలు అడుగుతుంది. అవిప్పుడెక్కడివి!

జవాబు 2: అందాకా గైడ్ నంబరును (ఫ్లాష్ బలం చెప్పే అంకె) దూరంతో భాగించండి, పెట్టాల్సిన ఎఫ్ నంబరు (లెన్స్ రంధ్రం కొలత) వస్తుంది. ఐఎస్‌ఓ 100కి (ఫిల్మ్ లేదా సెన్సర్ సున్నితత్వం) గైడ్ నంబరు మీటర్ల లెక్కలో 32 అయి, మనిషి 4 మీటర్లలో ఉంటే ఎఫ్/8. ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే గొడుగు పెడితే ఈ లెక్క చెల్లదు.

జవాబు 3: ఫ్లాష్ మీటరు కొన్నాక దాని మీది తెల్ల గుండును ఫోటో తీసే మనిషి ముఖం దగ్గర పెట్టి కెమెరా వైపు తిప్పండి. మీటరులో షట్టర్ వేగం కెమెరాలో ఉన్నదే పెట్టాలి, లేకపోతే గదిలో వెలుగు లెక్క తప్పుతుంది.