ట్రిగ్గర్ లాగాలా, నొక్కాలా?

గురిచూపు:
పెద్దలకు నమస్కారం. నేను ఉండేది అమెరికాలో, కాన్సస్ రాష్ట్రం పడమటి వైపు. ఇక్కడి పచ్చిక బయళ్లలో ప్రెయిరీ డాగ్ అని ఒకటి ఉంటుంది. పేరుకే డాగ్, జాతికి ఉడుతల చుట్టం. కిలో అటూ ఇటూ బరువు. గడ్డి తినేస్తుంది, నేలంతా బొరియలు తవ్వేస్తుంది కాబట్టి పశువుల్ని మేపుకునే వాళ్లకి అదంటే పడదు. దాన్నీ, దూడల మీద పడే కొయోటీలనీ (తోడేలు లాంటి చిన్న జంతువులు) కొట్టడానికి వాడే తుపాకీని వర్మింట్ రైఫిల్ అంటారు. సన్నటి గుండు, విపరీతమైన వేగం, మందపాటి గొట్టం.

నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెమింగ్టన్ కంపెనీ 700 మోడల్ రైఫిల్ ఉంది, .223 అనే సన్న రకం తూటాది. ట్రిగ్గర్ మహా మొండిది. తక్కువ ఖర్చులో దాన్ని మార్చుకోవడం ఎలా అని ఇక్కడి తెలుగు మిత్రుల కోసం ఒక వ్యాసం మొదలుపెట్టి, రెండో పేరాలోనే ఆగిపోయాను. నేను రాసిన వాక్యం ఇది:

"ఫ్యాక్టరీ ట్రిగ్గర్ లాగుడు బరువు 5 పౌండ్లు, పాకుడు ఎక్కువ, విరుపు శుభ్రంగా లేదు, పైగా అతి ప్రయాణం ఉంది."

చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. పుల్ వెయిట్, క్రీప్, బ్రేక్, ఓవర్‌ట్రావెల్ అనే నాలుగు మాటలకీ సరైన తెలుగు చెప్పగలరా?

చుక్కలముగ్గు:
"అతి ప్రయాణం" అంటే తీర్థయాత్రలకి వెళ్లొచ్చినట్టుంది అన్నయ్యా 😀

పాతబడి మాస్టారు:
నాలుగు మాటల్లో మొదటిదే అసలు తిరకాసు. ఇంగ్లీషు వాళ్ల ట్రిగ్గర్ డచ్చి భాష నుంచి వచ్చింది. అక్కడ ట్రెకెన్ అంటే లాగడం, లాగేది ట్రెకర్. ఇంగ్లీషులో కూడా చాలాకాలం దాన్ని ట్రికర్ అనే పలికారు. వాళ్ల మాటలోనే లాగుడు ఉంది గనక వాళ్లు పుల్ అంటారు. మనం ఎప్పుడైనా తుపాకీ "లాగాం" అన్నామా? "ట్రిగ్గర్ నొక్కాడు" అంటాం. హిందీ వాళ్లదీ అదే దారి, దబానా అంటారు. తెలుగులో తుపాకీ లాగాడంటే ఎవరి చేతిలోంచో గుంజుకున్నాడని అర్థం.

తమాషా ఏమిటంటే, గురి నేర్పే ఇంగ్లీషు వాళ్లు కూడా శిష్యులకి "లాగకు, మెల్లగా పిండు" అనే చెబుతారు. ఈ విషయంలో మన నొక్కడమే పనికి దగ్గరగా ఉంది. కాబట్టి "లాగుడు బరువు" కొట్టేయండి. అసలు బరువు అనే మాట కూడా అక్కర్లేదు. వేలికి తగిలేది బిగువు. "ట్రిగ్గర్ బిగువు 5 పౌండ్లు" అనండి, సరిపోతుంది.

నల్లమల గాలి:
మాస్టారూ, ట్రిగ్గర్‌కి మీట అనే తెలుగు మాట ఉండగా ట్రిగ్గర్ ఎందుకు? పేపర్లలో కూడా చూశాను.

పాతబడి మాస్టారు:
వాడుకోవచ్చు, తప్పు లేదు. కానీ నాకో అభ్యంతరం ఉంది. మీటడం అంటే వీణ తీగని మీటినట్టు వేలితో చటుక్కున ఎగదోయడం. తుపాకీ దగ్గర చేయకూడనిది సరిగ్గా అదే. మీటితే గురి పక్కకి పోతుంది. పోనీ, స్విచ్చిని మీట అంటున్నాం కదా అంటే సరే. వ్యాసంలో మాత్రం ట్రిగ్గర్ అనే ఉంచమని నా సలహా. చదివేవాళ్లు షాపుకి వెళ్లి అడిగేది ఆ మాటతోనే.

నల్లమల గాలి:
మా వైపు పాతవాళ్లు గుర్రం అనేవారు. బర్మారు తుపాకీ చూసిన వాళ్లెవరైనా చెబుతారు.

పాతబడి మాస్టారు:
అది ట్రిగ్గర్ కాదు బాబూ, పైన లేచి పడే సుత్తి లాంటిది. హిందీలో ఘోడా, తమిళంలో కుదిరై, అన్నిచోట్లా గుర్రమే. వాడుకలో ఒక్కోసారి కింద ఉన్న ట్రిగ్గర్‌ని కూడా అదే పేరుతో పిలుస్తారు, అందుకే ఈ గందరగోళం. బర్మారు అన్న మాట చూడండి, భర్, మార్. నింపు, కొట్టు. మూతి దగ్గర మందు కూరి పేల్చే తుపాకీకి అంతకన్నా సూటి పేరు ఎవరు పెట్టగలరు?

మెకానిక్ బావ:
నేను తుపాకీ ముట్టుకోలేదు, ముట్టుకోను కూడా. కానీ ఆ మిగతా మూడు మాటలూ మా షెడ్డులో రోజూ వినేవే అనిపిస్తోంది. బండి క్లచ్చి లీవరు పట్టుకుంటే మొదట కొంచెం ఊరికే వస్తుంది, దాన్ని లూజు అంటాం. తర్వాత పట్టు తగులుతుంది. కేబుల్లో మట్టి ఉంటే గీరుకుంటూ వస్తుంది. మీ ట్రిగ్గర్లో కూడా ఇవే కదా తమ్ముడూ?

గురిచూపు:
బావా, అచ్చంగా ఇవే. లోపల ఒక కొక్కెం సూదిని ఆపి పట్టుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఆ కొక్కెం కింద ఆనిన అంచు జరుగుతుంది, కొక్కెం వదిలేస్తుంది, సూది వెళ్లి తూటాని కొడుతుంది. ఆ అంచు జరిగే దూరం ఎక్కువగా ఉన్నా, లోహం గరుకుగా ఉన్నా వేలికి ఇసుక మీద ఈడ్చినట్టు తెలుస్తుంది. క్రీప్ అనేది దాన్నే. మొదట్లో ఊరికే వచ్చేది వేరే. రెండంచెల ట్రిగ్గర్లలో అది కావాలనే పెడతారు, లోపం కాదు.

మెకానిక్ బావ:
అయితే క్రీప్ అంటే గీరుడు. పాకుడు ఏంటయ్యా, నాచా?

పాతబడి మాస్టారు:
గీరుడు బాగుంది. ఇంకో మాట, ఆ కొక్కేన్ని ఇంగ్లీషులో సియర్ అంటారు కదా. పాత ఫ్రెంచిలో సెర్ అంటే తాళం, గడియ. నిజానికి దానికి గడియ అనే పేరే అతకాలి. కానీ బోల్ట్ యాక్షన్ తుపాకీలో అసలు గడియ పైన వేరే ఉంది, చేత్తో తెరిచి మూసేది. రెంటినీ గడియ అంటే చదివేవాడు చస్తాడు. కొక్కెం అనే ఉంచండి.

ఫీనిక్స్ పిట్ట:
మాటల సంగతి పెద్దలు చూసుకుంటున్నారు, సరుకు సంగతి నేను చెప్తాను. అన్నా, ముందు నీ 700 ఎప్పటిదో చూడు. ఆ మోడల్ 1962 నుంచి ఉంది. పాతవాటిలో వాకర్ ట్రిగ్గర్, తర్వాతి వాటిలో ఎక్స్‌మార్క్ ప్రో. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ మధ్య తయారైన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లని కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది, నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని. వాకర్ మీద కూడా ఇలాంటి ఫిర్యాదులు, కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. సెకండ్ హ్యాండ్ అంటున్నావు కాబట్టి సీరియల్ నంబరు చూసి, నీది వెనక్కి పిలిచిన వాటిలోదైతే మరమ్మతు జరిగిందో లేదో కనుక్కో. పాత యజమాని స్క్రూలు తిప్పి ఉంటే అది ఇంకో భయం.

ఇక డబ్బు. కొత్తది కొనే ముందు, ఉన్నదాన్ని సర్దుకోవచ్చేమో చూడాలి. వాకర్లో మూడు స్క్రూలు ఉంటాయి. ఒకటి బిగువుకి, ఒకటి కొక్కెం వదిలేశాక ట్రిగ్గర్ ఎంత దూరం పోవాలో ఆపేది, మూడోది కొక్కెం పట్టు ఎంతుండాలో చెప్పేది. ఈ మూడోదాన్ని తెలియనివాళ్లు ముట్టుకోకూడదు. గీరుడు పోతుందని పట్టు మరీ తగ్గిస్తే, గడియ గట్టిగా మూసినప్పుడే పేలొచ్చు. నన్నడిగితే 700 విషయంలో సర్దుబాటు కన్నా మొత్తం మార్చేయడమే నయం. రెండు పిన్నులు తీసి పాతది దించడం, కొత్తది ఎక్కించి పిన్నులు వేయడం, అంతే పని. గడియ ఆపే చిన్న ముక్క, దాని స్ప్రింగు మాత్రం ఎగిరి ఎక్కడో పడతాయి, జాగ్రత్త. కొన్నిసార్లు తుపాకీ చెక్క భాగం లోపల కాస్త చెక్కాల్సి వస్తుంది.

ఏది కొనాలంటే, మా ఊరి ట్రిగ్గర్ల కంపెనీ టిమ్నీ 1946 నుంచి ఇదే పని చేస్తోంది. మామూలు మోడల్ 150 డాలర్ల అటూ ఇటూ ఉంటుంది. కెనడా వాళ్ల ట్రిగ్గర్‌టెక్‌లో చవక మోడల్ కూడా దాదాపు ఆ ధరకే వస్తుంది. అందులో అంచుకీ కొక్కేనికీ మధ్య చిన్న రోలర్ పెట్టారు, రాసుకోవడం బదులు దొర్లుతుంది కాబట్టి బావ చెప్పిన గీరుడు చేతికి తెలియదు. జువెల్ కంపెనీ ట్రిగ్గర్ చాలా తేలిగ్గా నొక్కుడు పడుతుంది, కానీ ఖరీదు ఎక్కువ, దుమ్ము పడితే పేచీ పెడుతుంది. ప్రెయిరీ డాగులు ఉండేది దుమ్ములోనే కదా, వద్దు.

అసలు మార్చక్కర్లేని తుపాకులు కూడా ఉన్నాయి. శావేజ్ కంపెనీ తుపాకీలో ఆక్యుట్రిగ్గర్ అనే వాళ్ల సొంత ట్రిగ్గర్ ఉంటే ఇంట్లోనే సర్దుకోవచ్చు. టిక్కా టీ3 అయితే స్క్రూ తిప్పినా చాలు, ఇంకా తేలిక కావాలంటే స్ప్రింగు మార్చుకుంటే పోయింది, అది కొద్ది డాలర్ల ఖర్చే. సీజెడ్ 527లో ట్రిగ్గర్‌ని ముందుకి తోస్తే "సెట్" అవుతుంది, తర్వాత వేలు తగిలితే చాలు. వీటికి 150 డాలర్లు పోయడం దండగ, ఆ డబ్బుతో తూటాలు కొనుక్కోండి.

గురిచూపు:
బిగువు ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పు తమ్ముడూ, వ్యాసంలో అదీ రాయాలి.

ఫీనిక్స్ పిట్ట:
బల్ల మీద తుపాకీ ఆనించి కూర్చుని కొట్టేవాడికి 1.5 నుంచి 2 పౌండ్లు. నిలబడ్డ ప్రెయిరీ డాగ్ వెడల్పు మూడంగుళాలు ఉంటే గొప్ప. 300 గజాల దగ్గర ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు, గురి తేడాని దీనితోనే కొలుస్తారు) కూడా దాదాపు మూడంగుళాలే. తుపాకీ బరువు తొమ్మిది పౌండ్లు, నొక్కడానికి ఐదు పౌండ్లు అయితే వేలు బిగిసేసరికి గొట్టం కదులుతుంది, గుండు పక్కనుంచి పోతుంది. చలికాలంలో గ్లవ్స్ వేసుకుని కొయోటీల కోసం నడిచేవాడికి మాత్రం 2.5 నుంచి 3 ఉండాలి. మంచుకి మొద్దుబారిన వేలికి పౌండున్నర ట్రిగ్గర్ ఇవ్వడం ప్రమాదం.

బిగించాక ఖాళీ తుపాకీతోనే పరీక్ష చేయాలి. తూటా లేదని రెండుసార్లు చూసుకుని, గడియ గట్టిగా కొట్టి మూయి. సేఫ్టీ వేసి నొక్కు, వదులు, సేఫ్టీ తియ్యి. మడమని రబ్బరు చాప మీద తట్టు. వీటిలో దేనికైనా సూది పడితే ఆ తుపాకీ మళ్లీ గన్‌స్మిత్ దగ్గరికే. ఈ పేరా లేకుండా వ్యాసం పెట్టొద్దు అన్నా.

పాతబడి మాస్టారు:
"మడమ" ఎంత హాయిగా పడిందో చూశారా! తుపాకీ వెనక భాగానికి ఆ మాట నేను వినలేదు గానీ, వినగానే అర్థమైంది.

చుక్కలముగ్గు:
అన్నయ్యా, వర్మింట్ సంగతి ఎవరూ ముట్టుకోలేదేం? చీడ అంటే? చీడపీడలు అంటాం కదా.

మెకానిక్ బావ:
"చీడ తుపాకీ" అంటే తుపాకీకే చీడ పట్టిందనుకుంటారమ్మా.

పాతబడి మాస్టారు:
చీడ పురుగులకే. జంతువుకి అనం. వర్మింట్ అనేది వెర్మిన్‌కి పల్లెటూరి పలుకుబడి. లాటిన్లో వెర్మిస్ అంటే పురుగు. అక్కడ పురుగు పెరిగి పెరిగి తోడేలు దాకా వెళ్లింది, మన చీడ అంత దూరం వెళ్లలేదు. ఇది విని మన క్రిమి గుర్తొస్తుంది ఎవరికైనా, కానీ అవి రెండూ ఒకే మూలం కాదని పండితులు అంటారు. పక్కపక్కనే నడిచిన రెండు వేర్వేరు మాటలట.

చుక్కలముగ్గు:
మన దేశంలో కూడా వెర్మిన్ అనే మాట చట్టంలో ఉంది మాస్టారూ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 62వ సెక్షన్. 2016లో హిమాచల్‌లో కోతుల్ని కొన్నిచోట్ల అలా ప్రకటించారు. తెలుగులో దానికి "హానికర జంతువు" అని రాస్తే కోతి ఏదో నేరం చేసినట్టుంటుంది. పంట తినడం దానికి తిండి, మనకి హాని. నాకైతే ఆ ప్రెయిరీ డాగుల్ని కొట్టడం కూడా నచ్చలేదు. వాటిని తిని, వాటి బొరియల్లోనే బతికే నల్లకాళ్ల ఫెరెట్ అనే ముంగిస లాంటి జంతువు దాదాపు అంతరించిపోయిందని చదివాను.

గురిచూపు:
నిజమే చెల్లీ. ఆ ఫెరెట్లని తెచ్చి వదిలిన చోట్లకి మేం వెళ్లం. మేత భూమి యజమాని పిలిస్తేనే వెళతాం. దీన్ని వేట అనాలా అని నాకూ అనుమానమే, ఎవరూ తినరు కూడా.

నల్లమల గాలి:
షికారు అనండి అయితే.

మెకానిక్ బావ:
మా వైపు షికారంటే సాయంత్రం బందరు రోడ్డు మీద తిరగడం!

పాతబడి మాస్టారు:
పార్సీలో అది వేటే. మనవాళ్లు జంతువుని వదిలేసి తిరుగుడు మాత్రం ఉంచుకున్నారు, మంచిదే. సరే, విషయానికి వద్దాం. గురిచూపు గారూ, మీ వాక్యంలో అసలు ఇబ్బంది మాటలు కాదు. ఇంగ్లీషు ప్రతి లోపానికీ ఒక పేరు పెట్టి వరసగా నిలబెడుతుంది. తెలుగులో ఆ పేర్లన్నీ క్రియలు అవ్వాలి. కొక్కెం వదిలేసే ఆ క్షణమే కదా బ్రేక్, దాన్ని విరుపు అనకండి, "తెగింది" అనండి. తాడు తెగినట్టు ఒక్కసారి అవుతుంది కదా. ఓవర్‌ట్రావెల్‌కి పేరే వద్దు, ఏం జరుగుతుందో చెప్పండి చాలు. ఒకసారి మళ్లీ రాసి చూపించండి.

గురిచూపు:
"ఫ్యాక్టరీ ట్రిగ్గర్ బిగువు 5 పౌండ్లు. నొక్కితే గీరుకుంటూ కదులుతుంది, ఎప్పుడు తెగుతుందో తెలియదు. తెగాక కూడా వేలు ఆగక ఇంకా వెనక్కి పోతుంది." ఎలా ఉంది మాస్టారూ?

పాతబడి మాస్టారు:
ఇప్పుడు తుపాకీ చూడని నాకు కూడా ఆ ట్రిగ్గర్ మీద చిరాకేస్తోంది.

మెకానిక్ బావ:
పౌండ్లు ఎవరికి తెలుసు తమ్ముడూ? 5 పౌండ్లంటే రెండుంబావు కిలోలని పక్కన రాయి.

గురిచూపు:
రాశాను బావా. ఫీనిక్స్ తమ్ముడి పరీక్షల పేరా కూడా అలాగే పెట్టేశాను. వర్మింట్‌ని మాత్రం వర్మింట్‌గానే వదిలేశాను.