పావు ట్యాంకు ఉండగానే క్వాలిస్ ఆగిపోతోంది: పంపు విప్పించాలా, ముందు ట్యాంకు దింపాలా?

సూర్యాపేట క్వాలిస్:
మాది 2003 క్వాలిస్, 2.4 డీజిల్. నాన్న పదేళ్లు ట్యాక్సీగా తిప్పిన బండి, ఇప్పుడు ఇంటికే వాడుతున్నాం. రెండు నెలలుగా ఒకటే బాధ. ట్యాంకు నిండుగా ఉంటే సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. ముల్లు పావు దగ్గరికి వచ్చిందంటే మాత్రం పొద్దున పది పదిహేను సెకన్లు సెల్ఫ్ కొట్టాల్సిందే. ఇప్పటికి మూడుసార్లు దారిలో ఆగింది. మొన్న నకిరేకల్ దాటాక హైవే మీద పికప్ తగ్గి, రెండు కుదుపులిచ్చి ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. పక్కన లారీలు దూసుకుపోతుంటే చేతులు వణికాయి. ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు గట్టిపడేదాకా కొడితే మళ్లీ స్టార్ట్ అయింది. అప్పుడు కూడా ముల్లు పావు మీదే ఉంది. అది చాలదన్నట్టు గతుకుల్లో ఆ ముల్లు సున్నాకి పడిపోయి మళ్లీ లేస్తోంది. ఫిల్టర్ కొత్తదే వేయించాను. మెకానిక్ మాత్రం ఇంజిన్‌కి డీజిల్ అందించే పెద్ద పంపు దింపి ఓవరాల్ చేయాలి, 28 వేలవుతుంది అంటున్నాడు. చేయించమంటారా?

డీజిల్ బాబాయ్:
చేయించెయ్ తమ్ముడూ. ఇరవై ఏళ్లు దాటిన రోటరీ పంపులో రబ్బరు సీళ్లు గట్టిపడిపోయి ఉంటాయి. పైగా 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్, గంధకం 10 పీపీఎం మించదు. అంతకుముందు 50 ఉండేది. పాత సీళ్లు అలవాటుపడింది వేరే డీజిల్‌కి. నేను పైపులు మార్చాను, క్లిప్పులు మార్చాను, మూడుసార్లు మోసపోయి చివరికి పంపు విప్పిస్తే పైమూత సీలు దగ్గర గాలి లాగుతోంది. ముందే విప్పించి ఉంటే అర్ధరాత్రి రోడ్డు మీద నిలబడే పని ఉండేది కాదు. కుటుంబంతో తిరిగే బండి, ప్రయోగాలు వద్దు.

కొత్తబండి కావాలి:
ఇప్పుడు ఇంధనంలో ఇథనాల్ కలుపుతున్నారుగా, దానివల్లేమో?

ఖమ్మం షెడ్డు:
అది పెట్రోల్లో. ఈ20 అంటే ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు. డీజిల్ బండికి దానితో సంబంధం లేదు.

బాబాయ్, మీ పంపు సంగతి నిజమే, నేనూ అలాంటివి చూశాను. కానీ ఈ బండి చెప్తున్నది వేరు. నిండు ట్యాంకుతో ఏ బాధా లేదంటున్నాడు. పాడైన సీలుకి ట్యాంకులో ఎంత ఉందో ఏం తెలుస్తుంది?

డీజిల్ బాబాయ్:
తెలుస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే డీజిల్ ఎత్తులో ఉంటుంది, పంపు లాగే శ్రమ తక్కువ. తగ్గేకొద్దీ ఎక్కువ లాగాలి. సన్నని లీకు అప్పుడే బయటపడుతుంది.

ఖమ్మం షెడ్డు:
ఒప్పుకుంటాను, అది మంచి మాట. అందుకే వాదించుకునే బదులు పంపునే అడుగుదాం. ఈ బండిలో ట్యాంకు దగ్గర వేరే పంపు లేదు, ముందున్న పంపే వెనక నుంచి లాక్కోవాలి. లాగే పైపులో కన్నం పడితే చుక్క కూడా బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదని లైన్ బాగుందనుకోవద్దు.

తమ్ముడూ, ఐదు లీటర్ల శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ తీసుకో. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఫిల్టర్ దగ్గర ఊడదీసి, ఇంకో పైపుతో క్యాన్‌లోంచి ఇవ్వు. మిగిలిన డీజిల్‌ని వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు కూడా క్యాన్‌లోకే తిప్పు, లేకపోతే క్యాన్ ఊరికే ఖాళీ అవుతుంది. ఫిల్టరుకీ పంపుకీ మధ్య పారదర్శకమైన పైపు ముక్క పెట్టు. చాలామంది క్యాన్‌ని బానెట్ మీద కడతారు. అప్పుడు డీజిల్ దానంతటదే కిందికి దిగుతుంది, పంపుకి పరీక్షే ఉండదు. నువ్వు నేల మీద పెట్టు, ట్యాంకు కన్నా కిందికి. అక్కడి నుంచి బుడగ లేకుండా లాగిందంటే బాబాయ్ చెప్పిన అనుమానం తీరినట్టే.

క్యాన్‌తో కూడా బుడగలొస్తే పంపు, ఫిల్టర్ హెడ్డు చూడాలి. ఈలోగా ఆగినప్పుడు ట్యాంకు మూత తిప్పి విను. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలిదారి మూసుకుపోయినట్టు. నొక్కిన హ్యాండ్ పంపు పైకి లేవకపోతే లైన్‌లో అడ్డం ఉంది. నీ దగ్గర వదులై మళ్లీ గట్టిపడింది కాబట్టి నా అనుమానం గాలి మీదే.

టెస్ట్ ల్యాంపు:
అందరూ పావు ట్యాంకు అంటున్నారు. ఆ ముల్లే గతుకులకి పడిపోతుంటే దాన్ని నమ్మి 28 వేలు ఎలా పెడతారు? ఆగిన మూడుసార్లూ వెంటనే బంకులో ఫుల్ చేయించారా? ఎన్ని లీటర్లు పట్టింది?

ముల్లు సంగతి విడిగా చూడండి. ట్యాంకులో మట్టం కొలిచి ముల్లుకి చెప్పే సెండర్ వైరు ఊడదీసి కీ ఆన్ చేయండి, తర్వాత చిన్న బల్బు మధ్యలో పెట్టి బాడీకి తగిలించండి. ముల్లు ఒకసారి ఒక చివరికి, ఇంకోసారి రెండో చివరివైపుకి పోతే మీటరు, వైరు బాగున్నట్టు. మిగిలింది ట్యాంకులోని సెండర్, దాన్ని బాడీకి కలిపే ఎర్త్. గతుకులకి సున్నాకి పడే ముల్లు నా అనుభవంలో ఎక్కువగా తుప్పు పట్టిన ఎర్తే.

సూర్యాపేట క్వాలిస్:
బిల్లులు దొరికాయి. మూడుసార్లూ 37, 38 లీటర్లే పట్టింది.

ఖమ్మం షెడ్డు:
అంటే ప్రతిసారీ ఒకే మట్టం దగ్గర ఆగింది. అరిగిన పంపు ఇంత లెక్కగా ఆగదు. ట్యాంకులోపలి లాగుడు గొట్టానికి ఆ ఎత్తులో కన్నం ఉండి ఉంటుంది. డీజిల్‌లో మునిగి ఉన్నంతసేపూ దానికీ డీజిలే దొరుకుతుంది, తేలగానే గాలి మింగుతుంది. క్యాన్ పరీక్ష అయ్యాక ట్యాంకు దింపించు, సెండరూ అప్పుడే చూడొచ్చు. గొట్టం బయటికి తీసే అతికించాలి, ట్యాంకు దగ్గర మాత్రం మంట పెట్టనివ్వకు. ఆవిరి చాలు పేలడానికి.

సూర్యాపేట క్వాలిస్:
ఆదివారం చేశాం. క్యాన్ నేల మీద పెట్టి అరగంట నడిపాం, రేసు పెంచినా ఒక్క బుడగ రాలేదు. తిరిగి ట్యాంకు పైపు తగిలించగానే ముత్యాల వరసలా బుడగలు. ట్యాంకు దింపించి, గొట్టం కొస వేలితో మూసి, సైకిల్ ట్యూబుకి పంక్చర్ వెతికినట్టు బకెట్ నీళ్లలో ముంచి ఊదాం. మధ్యలో తుప్పు మచ్చ దగ్గర వెంట్రుకంత చీలిక నుంచి బుడగలొచ్చాయి. గొట్టానికి బ్రేజింగ్, అంటే ఇత్తడి కరిగించి అతుకు, వేయించాం. ఎర్త్ బోల్టు కింద అంతా తుప్పు, గీకి బిగించాక ముల్లు కదలడం లేదు. అంతా కలిపి 2,400 అయింది.

డీజిల్ బాబాయ్:
సంతోషం తమ్ముడూ. ఈ బండి విషయంలో షెడ్డు అన్న మాటే నిలిచింది. అయినా పంపు సీళ్లు పాతవన్న మాట నేను వదలను. ఈసారి ట్యాంకు నింపకుండా పావు కిందికి రానిచ్చి, ఊళ్లోనే తిప్పి చూడు. ఆ పారదర్శకమైన పైపు అప్పటిదాకా ఉంచు.

ఖమ్మం షెడ్డు:
ఊళ్లో తిప్పి చూడటం మంచిదే. పైపు మాత్రం వారం మించి ఉంచకు, డీజిల్ వేడికి ఆ ప్లాస్టిక్ గట్టిపడి క్లిప్పు దగ్గర చీలుతుంది. తర్వాత డీజిల్ పైపే వేసి, కొత్త క్లిప్పులు బిగించు.