కుక్కలకు విషం: ఎఫ్‌ఐఆర్ లేకుండా శాంపిల్స్ ఎఫ్‌ఎస్‌ఎల్‌కు (ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు) ఎలా పంపాలి?

ఆదివారం తెల్లవారుజామున మా కాలనీలో నాలుగు వీధికుక్కలు గిలగిలా కొట్టుకుని చనిపోయాయి. నోటినిండా నురగ. పక్కన చికెన్ ముక్కలు, వాటికి అంటుకుని ఊదారంగు గుళికలు. పొలంలో చల్లే పురుగుమందులాగే ఉన్నాయి.

పశువుల డాక్టరు పోస్ట్‌మార్టం చేసి కడుపు, కాలేయం, కిడ్నీ ముక్కల్ని చిక్కటి ఉప్పునీళ్ల సీసాల్లో పెట్టి సీల్ వేశారు (విషం పరీక్షకైతే ఫార్మలిన్ వాడకూడదట). చికెన్ ముక్కలు విడిగా ఫ్రీజర్‌లో ఉన్నాయి.

బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 325 కింద, అంటే జంతువులను చంపిన నేరం కింద ఫిర్యాదు ఇస్తే, పోలీసులు విషమని రిపోర్టు తెస్తేనే ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. ఎఫ్‌ఎస్‌ఎల్‌కు పంపాలంటేనేమో పోలీసుల లేఖ కావాలి! ఎస్పీ ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో రాసినా ఉలుకూ పలుకూ లేదు.

దర్యాప్తుకు ఆదేశించమని బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేస్తే, ఎఫ్‌ఐఆర్‌తోపాటు ఈ సీసాలను ల్యాబ్‌కు పంపమని కూడా ఆదేశిస్తారా?